పచ్చగుడ్డ ముందు ఎర్రగుర్రం

"ఇంగ దించేది ఉండాదా లేదా ఆ చీర?" అని ఆంజినమ్మ అడగడం అది నాలుగోసారి. "అంగడాయనకు ఇయ్యాల్సిన పట్టుచీరను గోడకు మేకులేసి కొడతారా యాడైనా?"

"మేకులు కాదవ్వా, క్లిప్పులు," అంది ఐశ్వర్య, సెల్లు మీంచి కళ్లు తీయకుండా.

"అంతా మీ అమ్మ ఇచ్చిన అలుసే."

"నన్నెందుకు మధ్యలోకి లాగుతారత్తా?" అంది పద్మజ వంటింట్లోంచి. బీరువాలోంచి చీర తీసిచ్చింది ఆమే.

ఎనిమిదో తరగతి చదివే ఐశ్వర్యకు బొమ్మలతో వీడియోలు తీయడం పిచ్చి. బొమ్మను కాస్త జరిపి ఒక ఫొటో, మళ్లీ జరిపి ఇంకో ఫొటో. వెనక పచ్చగుడ్డ కడితే, సెల్లులోని యాప్ ఆ పచ్చదనాన్ని చెరిపేసి అక్కడ మబ్బులు పెడుతుంది. పోయినసారి చిలుకబొమ్మతో తీసింది. చిలుక కూడా పచ్చదేనని తోచలేదు. బడిలో టీవీ మీద వేస్తే ఎర్రముక్కు ఒక్కటే ఆకాశంలో ఎగురుకుంటూ పోయింది. ఆ రోజు నుంచి తరగతిలో ఆమె పేరు ముక్కు. సోమవారం ఇంకొకటి చూపించమన్నారు టీచరు. అందుకే ఈసారి ఎర్ర చెక్కగుర్రం.

తీరా ఫొటోలు కలిపి చూస్తే మబ్బుల నిండా ఎర్రటి మరకలు. ఐశ్వర్య ముఖం చిన్నబోయింది.

మగ్గం గుంతలోంచి హరినాథ్ లేచివచ్చి కూతురి చేతిలోని సెల్లులోకి చూశాడు. "ఏమే, నేసేవాళ్ల ఇంట్లో పుట్టి ఇది తెలీదా? దీంట్లో పడుగు పచ్చ, పేక ఎరుపు. వెలుతురు పడిన దిక్కంతా ఎర్రగా తిరుగుతాది. నీకు మెరవని నూలుగుడ్డ కావల్ల."

వెతికితే ఇంట్లో పచ్చని నూలుచీర ఒక్కటే ఉంది. అది ఆంజినమ్మ ఒంటి మీద ఉంది.

ముగ్గురూ ఆమెవైపు చూశారు.

"కట్టుకున్న చీర కూడా వదలరు గదప్పా!" అంటూ లోపలికి పోయి, వేరేది కట్టుకుని వచ్చి, దాన్ని మనవరాలి మీదకు విసిరింది. "ఇస్త్రీ చేసుకో. ముడతలు కనపడితే మళ్ల నన్నంటావు."

గుర్రాన్ని పచ్చని పట్టుపోగుతో వేలాడదీశారు. తెర మీద పోగు మాయమై గుర్రం గాలిలో నిలిచింది. ఆంజినమ్మ సెల్లు లాక్కుని రెండుసార్లు చూసింది.

అయితే హరినాథ్ మళ్లీ నేతకు కూర్చోగానే గుర్రం వణకడం మొదలుపెట్టింది. మగ్గం దెబ్బ పడిన ప్రతిసారీ నేల అదిరి, స్టూలు మీది సెల్లూ కదులుతోంది.

"కొంచెంసేపు నిలుపు నాయనా."

"ఈ చీర బుధవారానికి ఇస్తానని మాటిచ్చినా పాపా. ఎట్ల నిలిపేది?"

ఐశ్వర్య గుర్రాన్ని విప్పి డబ్బాలో పెట్టేసింది. "పోనీలే. ముక్కు అనే పిల్చుకోనీ."

ఆ సాయంత్రం అందరూ సంగటి ముందు కూర్చున్నారు. పద్మజ పప్పు వడ్డిస్తుంటే హరినాథ్ తల ఎత్తకుండా మెల్లగా చెప్పాడు.

"అంగడాయనకు ఫోన్ చేసినా. చీర గురువారమే ఇస్తా. రేపు మధ్యాన్నం దాకా నేను మగ్గంలో దిగను."