గ్యాంగ్‌మన్ హల్వర్ ఎర్రలాంతరు

గ్యాంగ్‌మన్ హల్వర్ తను కాపురముండే రైలుపెట్టెలో ఎవరో ఆడమనిషిని దాచాడని భోజన హోటలు డాకెట్టమ్మ అన్నదట. "చీకటిపడితే చాలు, కిటికీకి కట్టిన గొంగళి అంచున ఎర్రదీపం. ఒంటి మగాడికి ఎర్రదీపం ఎందుకమ్మా?" అని రొట్టె కోస్తూ పోస్టాఫీసావిడ చెవిన వేసిందట. ఆవిడ ఊరందరికీ పంచింది.

ఆడమనిషీ లేదు, పాడూ లేదు. ఊరికి మైలు దూరాన, సైడింగు పక్కపట్టా మీద వదిలేసిన పాత గూడ్సు పెట్టే హల్వర్ కొంప. వారమంతా పట్టాలు బిగించి, ఆదివారం కెమెరా భుజాన వేసుకుని పొలాల వెంట తిరిగేవాడు. మా మోంటానా మైదానంలో ఫోటో అంటే ఇంట్లో సామాను వాకిట్లోకి రావాల్సిందే. గడియారం, కుట్టుమిషను, పాడి ఆవు. తూర్పున ఉన్న చుట్టాలు చూసి, వీళ్లు చితికిపోలేదని నమ్మాలి మరి. నల్లగుడ్డ కింద దూరి హల్వర్ కెమెరా గాజులో అందరినీ తలకిందులుగా చూసేవాడు. కాఫీ ఇస్తే తాగి, ఒక్కడే తిరిగొచ్చేవాడు.

ఎప్పుడూ కాఫీ ఇచ్చే పొలంగలావిడ రాగ్న మాత్రం తన ఫోటోకి సామానేమీ బయట పెట్టలేదు. మొగుడి సమాధి పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

"పొలం అమ్మేశాను. గురువారం రాత్రి రైలుబండికి పోతున్నా. ఈలోపు ఫోటో ఇస్తావా?" అంది.

"ఇస్తా."

ఇచ్చేస్తే మళ్లీ ఆమె గుమ్మం తొక్కడానికి సాకేముంది? ఫోటో కడగకుండా రేపు, ఎల్లుండి అని నెట్టాడు. గురువారం పొద్దువాలాక, బండి వేళ దగ్గరపడుతుంటే, ఇక తప్పదని పట్టా పనిలో బండ్లు ఆపే ఎర్రలాంతరు వెలిగించాడు. ఆ వెలుగులో అయితే ఫోటో పాడవదు. ఫోటో తీసిన గాజుపలక మందులో వేశాడు. ఆమె ఆకారం మెల్లగా తేలుతోంది. దాన్నే చూస్తూ, కిటికీకి కట్టిన గొంగళి జారిపోయిన సంగతి గమనించలేదు.

పట్టా పక్కన ఎర్రదీపం చూసి ఆ రాత్రి బండి డ్రైవరు బ్రేకు వేశాడు.

గార్డు మల్వేనీ తెల్లలాంతరుతో తలుపు తన్ని లోపలికొచ్చాడు. "వంతెన కూలిందనుకున్నాం కదరా! ఏదీ, ఊరంతా చెప్పుకునే ఆ పెళ్లికూతురు?"

తెల్లవెలుగు పడిన పలక చూస్తుండగానే నల్లబడిపోయింది.

దిగిన జనంలో రాగ్న కూడా ఉంది. శాలువా కప్పుకుని గుమ్మం దగ్గరికొచ్చి, ఆ నల్లగాజు చూసింది.

"ఇంకోటి తీస్తా," అన్నాడు హల్వర్, తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ. "వచ్చే ఆదివారం దాకా ఉంటే..."

"ఇంత పెద్ద బండిని ఆపావు," అంది రాగ్న. "నన్ను ఉండమని ఇన్నాళ్లలో ఒక్కసారి అడిగావా?"