గోరింటాకు స్టిక్కరు కింద

నేను ఒక గుండ్రటి వెండిరంగు బిళ్ళను. విశాఖపట్నం సీతమ్మధారలో ఒక మూడో అంతస్తు బాల్కనీలో రిబ్బనుకి వేలాడుతూ, ఎండకి తళుక్కుమని పావురాలను బెదిరించడం ఆరేళ్లుగా నా ఉద్యోగం. పావురాలు మొదటి వారంలోనే నాకు అలవాటు పడిపోయాయి. ఇంటివాళ్లకు మాత్రం నా మీద నమ్మకం పోలేదు. పనిచేయని వాటినే మనుషులు ఎక్కువకాలం ఉంచుకుంటారు.

నిజానికి నేను టీవీలో ఆడే పడవ పందెం ఆట డిస్కును. ఏదో ఫ్యాక్టరీలో నన్ను వేడివేడిగా అచ్చొత్తి, ఒక నదినీ పన్నెండు పడవలనూ నా ఒంట్లో కుక్కారు. ఇందుమతి ఈ ఇంటికి కొత్తకోడలిగా వచ్చిన ఏడాదే నేనూ వచ్చాను. ఆమె ఆడపడుచు సౌజన్య అప్పటికి ఇంటర్ చదువుతోంది. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీయగానే వదినా ఆడపడుచూ టీవీకి ఆటపెట్టె తగిలించి దాని ముందు చేరేవారు. తెడ్డు వెయ్యాలంటే కుడి బొటనవేలితో మీట టకటకా నొక్కుతూ ఉండాలి. సౌజన్య వేలు కుట్టుమిషను సూదిలా ఆడేది. ఇందుమతి ప్రతిసారీ పడవను ఒడ్డుకు గుద్ది, మీ ఇంటి నీళ్లే వంకర అని సణిగేది.

పక్కవాటా వాళ్లు అరువడిగి తీసుకెళ్లి గీతలు పెట్టి తెస్తారని సౌజన్యకు భయం. అందుకని నాకొక నకలు తీయించి, దాని మీద స్కెచ్ పెన్నుతో 'ఒరిజినల్' అని రాసింది. నా మీద 'గోరింటాకు డిజైన్లు' అని స్టిక్కరు అతికించింది. ఎవరైనా కాజేస్తే నకలే పోతుందని ఆమె ఎత్తు. ఎవరూ కాజేయలేదు. ఆటపెట్టె గోడ చెమ్మకి చచ్చిపోయింది. సౌజన్య పెళ్లయి గాజువాక వెళ్లింది. నకలు బీరువాలో పట్టుచీరల మధ్యకు చేరితే, నేను రిబ్బనుకి చేరాను. తాము రాసిన అబద్ధాన్ని తామే నమ్మడానికి మనుషులకు పదేళ్లు చాలు.

మొన్న వేసవిలో సౌజన్య స్కూటరు మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పి చూస్తే వేళ్లు కొయ్యముక్కల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఆమె జాకెట్ల మీద మగ్గం పని చేసే మనిషి. వేళ్లు వంగకపోతే సూది లేదు, సూది లేకపోతే తనే లేనట్టు. ఫిజియోథెరపీ ఆవిడ ఒక రబ్బరు బంతి ఇచ్చి, ఈ నెలలో కదిలిస్తే కదిలినట్టు, లేదంటే ఇక ఇంతేనని చెప్పింది. ఇందుమతి ఆడపడుచును తన ఇంటికి తెచ్చుకుంది. సౌజన్య బంతిని సోఫా కిందికి దొర్లించడం, ఇందుమతి చీపురుతో లాగి మళ్లీ ఒళ్లో పెట్టడం. పన్నెండు రోజులు ఇదే ఆట.

ఆ పన్నెండో రోజునే ఇందుమతి కూతురు లిఖిత కొత్త ఆటపెట్టె తెచ్చింది. మేనత్త చేతిలో దాని రిమోటు పెడితే, అన్నన్ని మీటలు చూసి అత్త దాన్ని పక్కన పెట్టేసింది. ఇది పాతకాలం డిస్కులు కూడా ఆడిస్తుందని లిఖిత మాటవరసకి అంది. ఇందుమతి చిక్కుడుకాయలు తుంచడం ఆపి బీరువా తెరిచింది.

పెట్టె నకలును నోట్లో వేసుకుని, రుచి చూసి, బయటికి తోసేసింది. నకళ్లు పనికిరావట, అసలు డిస్కే కావాలట.

"అసలుదేనే బాబూ, రాసుంది చూడు," అంది ఇందుమతి కూతురితో.

సౌజన్య ఆ రాతను చూసింది. తర్వాత మెల్లిగా అంది. "వదినా, అది రాసింది నేనే. గోరింటాకు డిస్కు ఏదీ?"

ఇందుమతి మొహం బాల్కనీ వైపు తిరిగింది. "పావురాలకిచ్చానే."

కొబ్బరినూనె రాసి స్టిక్కరు ఊడదీశారు. ఒక మూల చిన్న కాగితం ముక్క మాత్రం మొండికేసింది. గీతల మీద టూత్‌పేస్టు రుద్దారు. ఆరేళ్ల ఎండలో నా నది ఇంకిపోయిందేమోనని నాకే అనుమానం. కొత్త పెట్టె నన్ను రెండుసార్లు వెళ్లగొట్టింది. మళ్లీ పేస్టు. మూడోసారి లోపలికి వెళ్లాక ఒక సంగతి గమనించాను. దాని కడుపులో పాత పెట్టెలాగే నడిచే చోటు ఒకటి విడిగా ఉంది. అది నా పాత భాషను, నా నత్తి నత్తి చదువును ఓపిగ్గా వింది. పెద్దవాళ్ల మాట ఓపిగ్గా వినాలని కొత్తకోడళ్లకు చెప్పే సుద్దులన్నీ ఇప్పుడు యంత్రాలకు ముందే నేర్పి పంపుతున్నారు కాబోలు.

నది వచ్చింది. రెండు పడవలు నిలబడ్డాయి. పదిహేను మీటల్లో నాకు కావలసింది ఒక్కటే.

"నొక్కవే," అంది ఇందుమతి.

"రావట్లేదు వదినా."

"సరే, ఉండు. పద్దెనిమిదేళ్ల నుంచి నీ మీద ఒక్కసారైనా గెలవాలని నా కోరిక." ఇందుమతి సిగ్గూ శరమూ లేకుండా తెడ్డు వేయసాగింది.

వదిన పడవ దాటిపోతుంటే సౌజన్య పళ్లు బిగించింది. బొటనవేలు ఒకసారి దిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకోసారి దిగింది. ఇందుమతి గీత దాటేసరికి సౌజన్య పడవ రెండు మూరలు కదిలింది, అంతే.

"మళ్లీ పెట్టు," అంది సౌజన్య.

మూడు వారాలుగా రోజూ మధ్యాహ్నం మళ్లీ పెడుతూనే ఉన్నారు. ఇందుమతి గెలుపులు రోజురోజుకీ తగ్గుతున్నాయి. నీళ్లు మళ్లీ వంకర తిరిగాయని ఆమె ఫిర్యాదు. బాల్కనీలో నా స్థానంలో 'ఒరిజినల్' వేలాడుతోంది. దాని కిందే, తులసి కుండీ పక్కన, పావురం గుడ్లు పెట్టింది.

నిన్న ఆట అయ్యాక సౌజన్య నన్ను బయటికి తీసి వెలుతురుకి పట్టుకుంది. ఆ మొండి కాగితం ముక్క కనిపించింది. అలవాటుగా ఎడమచెయ్యి ముందుకొచ్చింది. దాన్ని ఆపి, కుడి బొటనవేలి గోరు ఆనించి, చూపుడువేలు కూడా వంచి, మగ్గం మీద ముత్యాన్ని పట్టినట్టు ఆ ముక్క అంచును పట్టుకుంది.

నేను కదలకుండా ఉన్నాను. కాగితం కొస కొంచెం లేచింది.