పాప్పక్క నోటి మాట

మదురై సెషన్స్ కోర్టు బోనులో నిలబడిన నన్ను మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "మీ పేరేమి?"

కన్న కూతురిని "మీరు" అంది. పేరు కూడా అడిగింది. చెప్పాను.

అది 1943. ఇప్పుడు అమ్మ లేదు. పోయిన నెల తమిళనాట మా తెలుగు ఊరు రాజపాళయంలో, మా కోట పేట చావడిలో సంతాప సభ పెట్టారు. ఒకప్పుడు ఆడవాళ్లు మెట్టెక్కని చావడి అది. వక్కీలు అంబుజమ్మ ఆడపిల్లల బడి తెరిపించిందన్నారు. యుద్ధం రోజుల్లో బియ్యం దాచినవాళ్ల గోదాముల ముందు ఆడవాళ్లను కూర్చోబెట్టిందన్నారు. ఊరందరికీ తల్లి అన్నారు. పక్కనున్న మంగళం అత్త నన్ను మోచేత్తో పొడిచింది. "నీవూ నాలుగు మాటలు చెప్పవే." నేను లేవలేదు. నాకు తెలిసిన అమ్మను చెప్పాలంటే పాప్పక్క కేసు చెప్పాలి.

మా పెరటిగోడ అవతల పాప్పక్క, అసలు పేరు పాప్పమ్మాళ్, కాపురం ఉండేది. సేత్తూరు వైపు కమ్మవారి పిల్ల. మొగుడు పెరియసామి మిల్లులో మూటలు మోసేవాడు, సాయంత్రాలు కల్లు తాగేవాడు, ఆమెను కొట్టేవాడు. వీధంతా ఎరిగిన సంగతే. మా నాన్న నా పసితనంలోనే పోయాడు. అమ్మ పొద్దున బస్సుకు శ్రీవిల్లిపుత్తూరు కోర్టుకు పోతే చీకటి పడ్డాకే తిరిగి రావడం. అత్తకు మోకాళ్ల నొప్పులు. నాకు తల దువ్వింది, అన్నం పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది పాప్పక్కే.

ఆ ఏడు మే నెల కత్తిరి ఎండల్లో ఒక మధ్యాహ్నం గోడ అవతల అరుపులు వినబడ్డాయి. తరువాత ఇత్తడి బిందె నేలమీద పడ్డ చప్పుడు. నేను పరిగెత్తాను. రోలు పక్కన పెరియసామి వెల్లకిలా పడి ఉన్నాడు. తల కింద నెత్తురు. సొట్టపోయిన బిందె దొర్లుతోంది. పాప్పక్క నన్ను చూసి రెండు చేతులూ చాచింది.

"బిందెతో తలమీద కొట్టినా కమలా! లేవలేదే!"

ఆ తరువాత జనం వచ్చారు. ఎవరెవరో అతని మొహాన నీళ్లు చల్లారు. అతను మళ్లీ లేవలేదు.

ఇన్‌స్పెక్టరు బెజవాడ వైపు మనిషి. తెలుగు ఊరని ఇక్కడికి పంపారట. "ఆవిడ ఏమన్నదమ్మా?" అని మెత్తగా అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఇంగ్లీషులో రాసుకున్నాడు. సాయంత్రానికి పాప్పక్క చేతికి సంకెళ్లు పడ్డాయి.

చూసినవాళ్లు లేరు. గాయం బిందె దెబ్బైనా కావచ్చు, రోటి అంచుమీద పడినదైనా కావచ్చునన్నాడు డాక్టరు. మిగిలింది నా చెవిన పడ్డ మాట ఒక్కటే. దానిమీదే ఉరి నిలబడి ఉంది.

ఆ కేసు పట్టడానికి ఏ వక్కీలూ ముందుకు రాలేదు. అమ్మ పట్టింది. తన కూతురే ఎదుటిపక్షం సాక్షి కావడంతో కోర్టులో మాట ఇచ్చింది: విచారణ ముగిసేదాకా సాక్షితో ఒక్క మాట మాట్లాడను.

కేసు గురించి మాత్రమే మాట్లాడదేమో అనుకున్నాను. అమ్మ అసలే మాట్లాడడం మానేసింది. ముందు గదిలోనే తిండి, అక్కడే పడక. మా ఇద్దరి మధ్య మంగళం అత్త నలిగిపోయింది.

"కమలం తినిందా అని అడుగు, మంగళం."

"అదిగో వదినా, నీ ముక్కు ముందరే ఉండాది. నీవే అడుగు."

"అడుగు."

"ఏమే, తింటివా? తినింది వదినా. నీవు తింటివా అని అదీ అడగతాంది. దేవుడా, నేనేం తపాలా ఆఫీసా?"

నేను నవ్వాను. తలుపు పక్కన అమ్మ నీడ కూడా కదిలింది. మరుక్షణం తలుపు మూసుకుంది.

పెద్దలు ఊరుకోలేదు. శ్రీరంగ రాజు మామ వీధి అరుగుమీద కూర్చుని అమ్మకు వినబడేలా అన్నాడు. "పిల్ల వినలేదని చెప్తే పోయె, అంబుజం. ఎవురికి నష్టం?"

"వినింది కదా, మామా."

"ఆమా, వినింది. ఆ పాప్పమ్మాళ్ మెడకు తాడు నీ కూతురు చేతనే వేయిస్తావా? నీవు వక్కీలా, తల్లివా?"

"కోర్టుకు రండి. అక్కడ చెప్తాను."

ఒక సాయంత్రం ఉండబట్టలేక ముందు గది తలుపు దగ్గర నిలబడ్డాను. "అమ్మా, నేను చెప్తే పాప్పక్కను ఉరి తీస్తారా? ఏమీ వినలేదని చెప్పేదా?"

లోపల కలం చప్పుడు ఆగింది. కుర్చీ జరిగింది. అడుగులు తలుపు దాకా వచ్చాయి. చెక్కకు అటు ఆమె ఊపిరి, ఇటు నా ఊపిరి. నేను ఎదురుచూశాను. అడుగులు వెనక్కి పోయాయి. కలం మళ్లీ కదిలింది.

అప్పటికే అమ్మకు సంగతి తెలుసు. జైలులో పాప్పక్క చెప్పింది. ఒక్క ముక్క నాకు చెప్పి ఉంటే ఆ వేసవి నేను నిద్రపోయేదాన్ని. కానీ చెప్పి ఉంటే బోనులో నా మాటకు విలువ ఉండేది కాదు.

మదురైలో జడ్జి తంజావూరు అయ్యరు, తెలుగు రాదు. విన్న మాట విన్నట్టే చెప్పాలని నా సాక్ష్యం తెలుగులో తీసుకున్నారు. గుంటూరు నుంచి వచ్చిన దుబాసీ దాన్ని ఇంగ్లీషులో చెప్పేవాడు. ప్రాసిక్యూటరు నరసింహన్ పని చిటికెలో ముగిసింది. బిందెతో తలమీద కొట్టినానని ఆమె అన్నదా? అన్నది. ఆయన కూర్చున్నాడు. ముద్దాయి బోనులో పాప్పక్క నన్నే చూస్తోంది. ఆ కళ్లలో కోపం లేదు. అదే నన్ను చంపింది.

అమ్మ లేచింది. పేరు అడిగింది. తరువాత,

"ఆ దినం పొద్దున మీరు ఏం చేస్తా ఉండిరి?"

"వంట."

"ఏం వంట?"

నరసింహన్ నవ్వాడు. "అన్నమా, కూరా అని కూడా అడుగుతారా?"

"అడుగుతాను," అంది అమ్మ. "చెప్పండి."

"బియ్యం కడిగినా. పొయ్యి మీద పెట్టినా."

"బియ్యం కడిగిన నీళ్లు ఏం చేస్తిరి?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. నోటికి వచ్చింది చెప్పాను. "పెరట్లో కొట్టినా."

దుబాసీ ఒక క్షణం తడబడ్డాడు. బియ్యం కడిగిన నీళ్లను పెరట్లో బాదిందని ఇంగ్లీషులో చెప్పాడు. వెనక బల్లల మీద ఎవరో పకపక నవ్వారు. జడ్జి నవ్వలేదు. రాస్తున్న చెయ్యి ఆపి తలెత్తాడు.

తమిళంలో కొట్టడమంటే కుమ్మరించడం; పాప్పక్క తెలుగులోనూ అంతే. ఆయనకు అది పుట్టు మాట. దుబాసీ వైపు చెయ్యి చూపి ఆగమని, నన్ను నేరుగా తమిళంలో అడిగాడు. "నీళ్లు పారబోశావనా నీ అర్థం?"

"ఆమా, సామీ." అవునని తల ఊపాను.

అప్పుడు అర్థమైంది నాకు. బోను కర్ర పట్టుకున్నాను. ఎండదెబ్బకు తూలి రోటి అంచుమీద పడిపోయిన మొగుడి తలమీద పాప్పక్క బిందెడు నీళ్లు కొట్టింది. లేవలేదే అని ఏడ్చింది. రోజూ ఆ మాట ఆమె నోట వింటూ, నా నోటా అంటూ, నెత్తురు చూసిన భయంలో తెలుగు కొట్టుడే అనుకున్నాను.

నరసింహన్ లేచి నిలబడ్డాడు. "ఇది తల్లి ఇంట్లో నేర్పిన పాఠం!"

అమ్మ ఆయన వైపు తిరగలేదు. "ఆ మాట మా ఇంట్లో లేదు. మేము పోసినామని అంటాము." ఒక్క అడుగు ముందుకు వేసింది. "ఎవురు నేర్పింది నీకు?"

నీకు. "మీకు" కాదు. దుబాసీ ఇంగ్లీషులో ఆ తేడా రాదు. నేను మాత్రం విన్నాను.

"పాప్పక్క."

"ఎప్పటి నుంచి ఆమె దగ్గర ఉంటివి?"

"చిన్నప్పటి నుంచి."

"మీ అమ్మ ఏమైంది?"

నేను పాప్పక్క వైపు చూశాను. జవాబు చెప్పాలన్నాడు జడ్జి.

"అమ్మ చీకటి పడినాకనే వస్తుంది. నేను నిద్రపోతా ఉంటాను. నాకు మాటలు వచ్చిందే పాప్పక్క దగ్గర."

కోర్టులో పంకా తాడు కిర్రుమంటోంది. రాజపాళయం నుంచి వచ్చిన మగవాళ్లంతా వెనక కూర్చున్నారు. శ్రీరంగ రాజు మామ కండువా సర్దుకుంటూ తల వంచుకున్నాడు. అమ్మ మొహం మీద ఏమీ లేదు.

"ఇంతే, యువర్ ఆనర్," అంది.

మరునాడు పాప్పక్కను విడిచిపెట్టారు. నేను జనాన్ని తోసుకుంటూ పోయి ఆమెను కావలించుకున్నాను. "ఎంత చిక్కిపోతివే బంగారూ," అని ఆమె నా జుట్టు నిమిరింది. చాలాసేపటికి గానీ అమ్మ గుర్తు రాలేదు. తిరిగి చూశాను. దూరంగా కేసు కాగితాలను నల్ల గౌనులో చుట్టి మూటకడుతోంది.

పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సులో ఊరికి తిరిగొచ్చాము. అమ్మ ముందు సీటులో, నేనూ పాప్పక్కా వెనక. మాట్లాడకూడదన్న కట్టుబాటు తీరిపోయింది. అయినా దారి పొడవునా అమ్మ కిటికీ వైపే చూసింది. రాజపాళయం వచ్చింది. అమ్మ దిగింది. బస్సు సేత్తూరు దాకా పోతుంది. పాప్పక్క పుట్టింటికి పోతోంది.

నేను దిగలేదు.

"అమ్మా, నేనూ సేత్తూరు పోతాను."

అమ్మ కిటికీ కింద నిలబడి తలెత్తింది. ఎండకు కళ్లు చిట్లించింది. "ఎప్పుడు వస్తావు?"

"తెలీదు."

పాప్పక్క నా భుజం తట్టింది. "పోవే, దిగు. అమ్మ ఒంటిగా పోతాంది."

నేను కదల్లేదు. అమ్మ నాతో కాదు, పాప్పక్కతో అంది. "దాని తల చిక్కు పడి ఉండాది, పాప్పమ్మాళ్. నూనె పెట్టి దువ్వు." అని మూట చంకన పెట్టుకుని నడిచింది.

బస్సు వెంటనే కదల్లేదు. డ్రైవరు బొగ్గు కుదిపిస్తున్నాడు. నేను అమ్మను పిలిచే అవకాశం ఉండింది. అంతలో పక్కూరు మంసాపురం ఆడమనిషి ఎవరో ఏడుస్తూ వచ్చి అమ్మ కాళ్లమీద పడబోయింది. అమ్మ ఆమె రెక్క పట్టి లేపింది. మూట నేలమీద పెట్టింది. ఆ నడిరోడ్డు మీదే నిలబడి, తల ఒక పక్కకు వాల్చి, ఆమె చెప్పేది వినసాగింది. మా బస్సు అమ్మ పక్క నుంచే పోయింది. తలెత్తలేదు.