వియ్యంకుల ఫ్రీక్వెన్సీ

ఆ ఊళ్ళో రేడియో స్టేషన్లు రెండు, వాటికి దొరికిన ఫ్రీక్వెన్సీ ఒక్కటే. సాయంత్రం ఆరు వరకు ఒకరిది, ఆరు దాటితే ఇంకొకరిది. ఒకే పొయ్యి మీద ఇద్దరు తోడికోడళ్ళు వంట చేసుకున్నట్టు సర్దుకుపొమ్మని ఫ్రీక్వెన్సీ ఆఫీసు వాళ్ళు రాసిచ్చారు. రాసిచ్చినవాళ్ళకు తోడికోడళ్ళ సంగతి తెలిసి ఉండదు.

పగటి స్టేషను యజమానిని ఊరంతా గంటాయన అనేవారు. ఆరు కాగానే బల్ల మీది ఇత్తడి గంట ఒకసారి మోగించి ట్రాన్స్‌మిటరు ఆపడం ఆయన అలవాటు. సాయంత్రం స్టేషను యజమాని దగ్గాయన. ఆయనకు జలుబూ లేదు, దగ్గూ లేదు. మైకు ముందు కూర్చున్నాక ఒకసారి గొంతు సవరించుకోనిదే మాట పెగలదు, అంతే. గంట మోగాక దగ్గు వినిపించిందంటే ఆరయిందని లెక్క. గడియారాలు బాగుచేసే షాపాయన కూడా దాన్నే నమ్ముకునేవాడు.

ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఆఖరి పాట ఇంకా అవలేదంటూ గంటాయన అప్పుడప్పుడూ ఆరు దాటించేవాడు. దగ్గాయన పట్టిందే పట్టుగా ఆరుకల్లా స్విచ్ వేసేవాడు. రెండు ట్రాన్స్‌మిటర్లూ ఒకేసారి నడిస్తే ఊళ్ళో రేడియోల్లో మాట ఉండదు, పాట ఉండదు, చెవులు చిల్లులు పడే ఈల ఉంటుంది. తమాషా ఏమిటంటే ఆ ఈల వాళ్ళిద్దరికీ వినపడదు. సొంత ట్రాన్స్‌మిటరు పక్కన ఉన్నవాడికి రేడియోలో సొంత గొంతు తప్ప ఇంకేదీ వినిపించదు. అందుకని తప్పు అవతలివాడిదేనని ఇద్దరూ నిజాయితీగా నమ్మేవారు.

గంటాయనకు ఒక్కతే కూతురు. చదువు అయిపోయిన మర్నాడే తండ్రి పక్కన మైకు ముందు కూర్చుంది. బస్సు వేళలు, తప్పిపోయిన మేకలు, దొరికిన తాళంచెవులు అన్నీ ఆమే చదివేది. ఊరు ఆమెకు బస్సులమ్మాయి అని పేరు పెట్టింది. బజారులో గొంతు విప్పిందంటే ముఖం తెలియనివాళ్ళు కూడా వెనక్కి తిరిగి, "ఆఖరి బస్సు ఎన్నింటికమ్మా?" అనేవారు. అడిగించుకోవడం ఆమెకు మహా ఇష్టం.

ఈల గొడవ ముదిరి ఒకసారి ఇద్దరు యజమానుల్నీ ఆఫీసుకు పిలిపించారు. లోపల వాళ్ళు ఒంటికాలి మీద లేచి అరుచుకుంటుంటే బయట బల్ల మీద గంటాయన కూతురూ, దగ్గాయన కొడుకూ చెరొక ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అతను తండ్రి దగ్గర ట్రాన్స్‌మిటరు చూసుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. నేల చూస్తూ అన్నాడు.

"మీరు చదవడం అయిపోయాక, గంటకి ముందు, ఒక ఊపిరి తీసుకుంటారు. అది వినపడ్డాకే నేను స్విచ్ మీద చెయ్యి వేస్తాను."

ఆ ఒక్క మాటకే ఆమె పడిపోయింది. మరీ అంత చవగ్గా పడిపోకూడదని తర్వాత అనుకుంది గానీ, అప్పటికే పెళ్ళయిపోయింది.

పెళ్ళయ్యాక ఊరు ఊపిరి పీల్చుకుంది. ఇక ఈల ఉండదు కదా అని. నిజంగానే ఈల పోయింది. దాని చోట్లోకి అంతకంటే పెద్ద చిక్కు వచ్చి కూర్చుంది: మర్యాద.

వియ్యంకుడి సొమ్ము తినడం బాగుండదని గంటాయన ఆరుకు కాస్త ముందే గంట కొట్టేశాడు. బావగారు వదిలింది కదా అని ఎగబడితే చులకనైపోతామని దగ్గాయన ఆరు దాటాక కాసేపు ఆగి దగ్గాడు. అయ్యో, ఆయన ఆగాడే అని ఈయన ఇంకాస్త ముందు ఆపాడు. ఈయన ముందే ఆపాడే అని ఆయన ఇంకాస్త ఆలస్యం చేశాడు. నువ్వు ముందంటే నువ్వు ముందని గుమ్మం దగ్గర నిలబడిపోయిన చుట్టాల్లా ఇద్దరూ ఆగిపోయారు. ఫ్రీక్వెన్సీ మాత్రం అరగంట ఖాళీ.

చీకటి పడేవేళకు దూరపు స్టేషన్లు తేలివస్తాయి. ఆ ఖాళీలోకి ఎక్కడి నుంచో ఒక గొంతు రావడం మొదలైంది. తెలియని భాషలో ఎవరో ఒకాయన ఏదో తెగనమ్ముతున్నట్టు గుక్కతిప్పుకోకుండా అరిచేవాడు. మొదట్లో ఊరు నవ్వుకుంది. తర్వాత అలవాటుపడింది. కూరగాయల కొట్టామె అయితే "నా తమ్ముడు వచ్చాడు" అంటూ వాల్యూమ్ పెంచేది.

ఇదంతా ఎవరికైనా వేడుకగా ఉండవచ్చు, బస్సులమ్మాయికి కాదు. అత్తగారు లేని ఆ ఇంట్లో మామగారు ఆమెను ఇప్పటికీ చుట్టంలాగే చూసేవాడు. "అమ్మాయిగారూ, మీరు కూర్చోండి" అనేవాడు. స్టూడియో తలుపు తీస్తే చాలు, "మీకెందుకండీ శ్రమ, మీ నాన్నగారు వింటే కోడలి చేత చాకిరీ చేయిస్తున్నాననుకుంటారు" అంటూ లేచి నిలబడేవాడు. బస్సు వేళలు ఆయనే చదువుకునేవాడు, అదీ గోడ మీద ఎప్పుడో అంటించిన పాత కాగితం చూసి. పోనీ పుట్టింటికి వెళ్తే తండ్రి కుర్చీ ఇచ్చాడు, టీ ఇచ్చాడు, మైకు ఇవ్వలేదు. "ఇప్పుడు నువ్వు వాళ్ళ పిల్లవమ్మా. మా మైకులో నీ గొంతు వస్తే బావగారు ఏమనుకుంటారు?"

బజారులో ఆమెను బస్సు వేళ అడిగేవాళ్ళు తగ్గారు. ఒకరోజు ఒకామె, "నువ్వు ఊళ్ళోనే ఉన్నావా? వెళ్ళిపోయావనుకున్నాను" అంది. ఆ మాటకు ఆమె ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చింది.

అలాంటి రోజుల్లో ఫ్రీక్వెన్సీ ఆఫీసు నుంచి దగ్గాయన దగ్గరికి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. చిన్న రిసీవరు బల్ల మీద పెట్టి, సాయంత్రం ఆ అరగంటా విన్నది. దూరపాయన అరుస్తున్నాడు. దగ్గాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇది మీ స్టేషనా?" అంది ఆమె.

"కాదండీ."

"మరి మీ వియ్యంకుడిదా?"

"ఆయనదీ కాదండీ. ఆయన టైము ఆయన వదిలేశారు, నా టైము నేను..." దగ్గాయన గొంతు సవరించుకున్నాడు. "మర్యాద కోసం."

"మర్యాదకి లైసెన్సు లేదండీ. పరుపుల కంపెనీ వాళ్ళు ఒక స్టేషను పెడతామని ఖాళీ కోసం తిరుగుతున్నారు. వచ్చే వారం మళ్ళీ వింటాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఈ టైము వాళ్ళకి రాసిచ్చేస్తాను." రిసీవరు సంచిలో పెట్టుకుంటూ, "ఆరు గంటలప్పుడే కదండీ జనం వినేది" అని కూడా అంది.

ఆమె అన్నది నిజం. రెండు స్టేషన్లూ బతికేది ఆ వేళ ప్రకటనల మీదే.

కోడలు మామగారికి చెప్పిచూసింది. "మీరు సరిగ్గా ఆరుకి మొదలుపెట్టండి మామయ్యగారూ."

"నేను మొదలుపెడితే మీ నాన్నగారిని తొందరపెట్టినట్టు కాదూ? ముందు ఆయన్ని ఆరుదాకా నడపమనండి."

తండ్రికి చెప్పిచూసింది.

"నేను ఆరుదాకా నడిపితే, పిల్లనిచ్చాక కూడా బుద్ధి మారలేదంటాడమ్మా. ముందు ఆయన్ని మొదలుపెట్టమను."

పెళ్ళికి ముందు వీళ్ళకు ముక్కు మీద కోపం ఉండేది. ఆ కోపమే నయం, వేళకైనా వచ్చేది. భర్తను అడిగింది, ఏం చేద్దామని. అతను స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ ఆలోచించాడు.

"నేను ఏమీ చెయ్యలేను గానీ, నువ్వేం చేసినా స్విచ్ దగ్గరే ఉంటాను" అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఆమె బస్సెక్కి పుట్టింటి స్టేషనుకు వెళ్ళింది. దారిలో బస్టాండులో దిగి, కిటికీలో కూర్చున్న గుమస్తాను బస్సు వేళలన్నీ అడిగి చేతి మీద రాసుకుంది. ఆమె వెళ్ళేసరికి తండ్రి ఆఖరి పాట వేసి, గంట వైపు చెయ్యి చాపుతున్నాడు. ఆమె ఆ గంట తీసి ఒళ్ళో పెట్టుకుని, తండ్రి ఏదో అనేలోపు కుర్చీ లాక్కుని మైకు దగ్గర కూర్చుంది.

"ఇదేంటమ్మా? ఇంక వదిలెయ్యాలి. బావగారు..."

"నాన్నా, నువ్వు కాసేపు మాట్లాడకు."

పాట అయిపోయింది. ఆమె మైకు తెరిచింది. చాలాకాలం తర్వాత ఊరు ఆ గొంతు విన్నది. తప్పిపోయిన మేకలు చదివింది, తాళంచెవులు చదివింది. ఆరు దాటింది. సొంత ట్రాన్స్‌మిటరు నడుస్తుంటే అవతలి దగ్గు ఇక్కడికి ఎలాగూ వినిపించదు. అవతల మామగారు రిసీవరు ముందు కూర్చుని, కోడలి గొంతు కాబట్టి పళ్ళ బిగువున ఓర్చుకుంటూ ఉంటాడని ఆమెకు తెలుసు. ఆ ఓర్పు తెగాలి. తెగితే తాను ఆ ఇంటి గుమ్మం ఎలా ఎక్కుతుందో ఆమె ఆలోచించుకోలేదు. ఆలోచిస్తే మాట రాదని భయం.

"ఇవి ఇప్పుడు నడుస్తున్న బస్సు వేళలు," అని చేతి మీదివి చదివింది. "సాయంత్రం స్టేషను వాళ్ళు చెప్పే వేళలు నమ్ముకుంటే మాత్రం, దుప్పటి కూడా తెచ్చుకోండి. బస్టాండులోనే పడుకోవాల్సి వస్తుంది. వాళ్ళ గోడ మీది కాగితం నా పెళ్ళి కంటే పాతది. ఈ టైము వాళ్ళకి అక్కర్లేనట్టుంది. అందుకని ఇక మీదట ఇది మాది."

గంటాయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

కాసేపటికి ఫోను మోగింది. కూరగాయల కొట్టామె. "అమ్మాయ్! ఈల వస్తోందమ్మా! చెవులు పోతున్నాయి!" అంటూ సంతోషంగా అరిచింది. ఆ వెంటనే మళ్ళీ మోగింది. ఈసారి గంటాయన తీశాడు.

"బావగారూ, క్షమించాలి, పిల్ల ఏదో తెలియక..."

అవతలి గొంతు గదంతా వినిపించింది. "తెలియకా? నా ఇంట్లో ఉంటూ నా కాగితం పాతదంటుందా? ఇదేనా మీరు పెంచిన పెంపకం?"

గంటాయన ముఖం మారిపోయింది. "పెంపకం సంగతి తర్వాత. నా కూతురు చదివిన వేళల్లో ఒక్కటి తప్పని చూపించండి!"

"తప్పు కాదు, టైము నాది!"

"ఇన్నాళ్ళూ నిద్రపోయి ఇప్పుడు గుర్తొచ్చిందేం?"

"నిద్రపోలేదయ్యా, నీ మొహం చూసి ఊరుకున్నాను!"

"ఎవరు ఊరుకోమన్నారయ్యా నిన్ను?"

మీరు పోయి నువ్వు వచ్చింది. బావగారు పోయి అయ్యా వచ్చింది. ఆమె లేచి, ట్రాన్స్‌మిటరు ఆపి, గంట తీసి బల్ల మీద పెట్టి, తండ్రికి చెప్పకుండానే బయటికి వచ్చింది. తండ్రి గమనించే స్థితిలో లేడు.

తిరుగు బస్సులో అందరూ దాన్ని గురించే మాట్లాడుకుంటున్నారు. ఆమె నోరు విప్పితే గుర్తుపడతారని టికెట్టు కూడా వేలితో చూపించి తీసుకుంది. ఇల్లు చక్కబెట్టబోయి కూల్చానేమోననిపించింది.

ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి దగ్గాయన పొడుగాటి పాట ఒకటి వేసి బయటికొచ్చి నిలబడి ఉన్నాడు. వెనక భర్త, చేతిలో స్క్రూడ్రైవరు.

"ఇటు రా," అన్నాడు మామగారు.

పెళ్ళయ్యాక ఆయన ఆమెను నువ్వు అనడం అదే మొదలు.

"ఎంత పొగరు నీకు? దుప్పటి తెచ్చుకోమంటావా? ఊరంతా నవ్వింది. నువ్వూ మీ నాన్నా కలిసి నా టైము మింగేద్దామనుకున్నారా? ఆయన ఎత్తులన్నీ నీకు తెలుసు. ఆఖరి పాట సాగదీస్తాడు, గడియారం వెనక్కి తిప్పుతాడు. రేపటి నుంచి ఆరింటికి ఆ కుర్చీలో నువ్వే కూర్చుంటావు. మీ నాన్న ఒక్క క్షణం ఎక్కువ తీసుకున్నాడో, నిన్నే అడుగుతాను. ఆ గోడ మీది కాగితం చింపి అవతల పారెయ్. ఏడుస్తావెందుకు? నేనేమన్నానని?"

"ఏం లేదు మామయ్యగారూ," అంది ఆమె. ఏడుపు ఆగలేదు. సంతోషంతో వస్తోందని ఆయనకు చెప్పే ఓపిక లేదు.

వారం తిరిగేసరికి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి అదే బల్ల మీద రిసీవరు పెట్టుకుంది. బస్సులమ్మాయి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ముందు కూర్చుంది. భర్త చెయ్యి స్విచ్ దగ్గర ఉంది. మామగారు గుడ్లురుముతూ గడియారం చూస్తున్నాడు. హెడ్‌ఫోన్లలో తండ్రి బస్సు వేళలు చదువుతున్నాడు. తడబడుతున్నాడు, అయినా సరైనవే చదువుతున్నాడు. చదవడం అయిపోయింది. గంటకు ముందు, ఒక ఊపిరి వినిపించింది. అది తన అలవాటని ఇన్నాళ్ళూ అనుకుంది. తండ్రిదని ఇవాళే తెలిసింది.

గంట మోగింది. అవతలి ట్రాన్స్‌మిటరు ఆగింది. భర్త స్విచ్ వేశాడు. ఆమె మాట్లాడబోయింది, గొంతు పెగల్లేదు. గట్టిగా ఒకసారి సవరించుకుంది.

గుమ్మంలో నిలబడ్డ దగ్గాయన నవ్వు కనపడకుండా తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ రిసీవరు సంచిలో పెట్టుకుని, పరుపుల వాళ్ళకు ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ వెళ్ళిపోయింది.

మొదటి పాట వేయగానే ఫోను మోగింది. గంటాయన.

"ఏమ్మా, నా గంట ఇంకా మోగుతూ ఉండగానే స్విచ్ వేసేశారే?"

"ఆరయింది నాన్నా. ఈ టైము మాది."

అవతల, ఆయన వెనకాల రేడియోలో ఆమె వేసిన పాటే వస్తోంది.

"మీ మామయ్యకి చెప్పు," అన్నాడు గంటాయన. "రేపు చూసుకుంటాను."