పిచ్చమ్మ ఈల

మా అడవిలో మనిషిని పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే ఎలుగుబంటి ఆ పేరు నేర్చుకుంటుందని పెద్దల మాట. అందుకే బీడీలు చుట్టే తునికాకు కోతకు వెళ్లే ఆడవాళ్లు పొదల చాటునుంచి ఈలలతో పిలుచుకుంటారు. ఎవరి ఈల వాళ్లది. నా భార్య పిచ్చమ్మది నీలిపిట్ట ఈల. పిడికిట్లో పట్టేంత పిట్ట అది. వీపు నీలం, గొంతు కింద నారింజ రంగు. ఎగిరే పురుగును గాల్లోనే పట్టి తింటుంది. ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గుబాయిలో పనిచేసిన నాకు ఈలా రాదు, పాటా రాదు. ఆమె గురించి గొప్పలు చెప్పుకోవడం మాత్రం బాగా వచ్చు.

ఈ వేసవిలో పిట్టల లెక్కకని కుమారస్వామి సారు పాల్వంచలో బస్సు దిగి మా ఊరొచ్చాడు. దారి చూపింది మా అమ్మాయి నవత. ఆ నీలిపిట్ట మా వాగు దగ్గర ఉందని రుజువైతే, పిట్టల్ని చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం అటవీశాఖ వాళ్లు ఒక గైడును పెడతారట. ఆ ఉద్యోగం నవతకే ఇస్తామన్నారు. రెండు రోజులు తిరిగినా పిట్ట జాడ లేదు. మూడో పొద్దున మేం తునికాకు కట్టలు ఆరబెట్టే కల్లం దగ్గరికి సారు పరుగున వచ్చాడు.

"దొరికింది! రికార్డు చేశాను!"

ఫోనులో గట్టిగా వినిపించాడు. సన్నగా, తీయగా ఈల. నవత ఎగిరి గంతేసింది. నాకు మాత్రం అది పిట్టది కాదని తెలిసిపోయింది. కాపురం చేసినన్నాళ్లూ విన్న ఈల, నేను పోల్చుకోలేనా?

అప్పుడే అడవిలోంచి వచ్చిన పిచ్చమ్మ నెత్తిమీది మూట దించింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని గొణిగాను. "నోర్మూసుకోయే. పిల్ల బతుకు."

చెయ్యి విడిపించుకుంది. "సారూ, గది పిట్ట గాదు. నేను."

"ఏంటమ్మా?"

పెదాలు ముడిచి అదే ఈల వేసింది. కల్లంలో ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. సారు ముఖం మాడిపోయింది. పుస్తకంలో రాసుకున్న పిట్ట పేరు కొట్టేశాడు.

"గింత పని చేస్తివేందమ్మా!" నవత కళ్లలో నీళ్లు.

"అబద్ధం మీద నౌకరీ ఎన్నొద్దులు నిలుస్తది బిడ్డా? పిట్టయితే ఉన్నది. సారూ, రేపు జల్దీ లేసి నా ఎంబడి రాండ్రి."

ఆ రోజంతా నేను ఆమె మీద చిటపటలాడుతూనే ఉన్నాను. నిజం కూడు పెడుతుందా అని నా కోపం.

మర్నాడు తెలతెలవారుతుండగా నలుగురం వాగు ఒడ్డున వెదురు పొదల దగ్గర కూర్చున్నాం. పిచ్చమ్మ ఈల వేసింది. ఏమీ లేదు. మళ్లీ వేసింది. సారు వాచీ చూసుకున్నాడు. మూడోసారి వేసి ఆగింది.

వెదురులోంచి అదే ఈల తిరిగొచ్చింది, చివర ఒక మెలిక ఎక్కువ వేసుకుని. వెనకే పిట్ట కొమ్మ చివరికొచ్చి వాలింది, ఎవర్రా నా జాగాలో అన్నట్టు. సారు గబగబా ఫొటో తీశాడు, పాటంతా రికార్డు చేశాడు.

"చూపించినవాళ్ల పేరు రాయాలి," అని గుసగుసగా అడిగాడు. "అమ్మ పేరు?"

నవత తల అడ్డంగా ఊపింది. "అడివిల పేర్లు పలకం సార్. ఊర్లకు పోయినంక చెప్త."

ఊళ్లో అడుగు పెట్టామో లేదో, నేను ఆగలేకపోయాను. నోర్మూసుకోమన్న ఆ నోటితోనే, నాలుగు వీధులూ వినేలా అరిచాను.

"రాసుకో సారూ! పిచ్చమ్మ!"