ఒక్క నూనె చుక్క

జగ్గయ్యపేటలో నూనె కొట్టు నడిపే కోటిలింగానికి ఎవరి మాటా ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. అయినా ఈసారి నందిగామ మెకానిక్ దగ్గరికి వెళ్లక తప్పలేదు. కిందటి నెల వేదాద్రి వెళ్తుంటే పల్లంలో ఆయన పాత అంబాసిడర్, బ్రేకు ఎంత నొక్కినా ఆగక గొర్రెల మందలోకి దూసుకుపోబోయింది. ఇంటికొచ్చాక భార్య సత్యనారాయణమ్మ ఒకటే మాటంది.

"ముందు చక్రాలకి డిస్కు బ్రేకులేయించండి. లేకపోతే ఈ కారు మళ్లీ ఎక్కను."

పెళ్లైన కొత్తలో కొన్న కారది. ఆవిడ ఎక్కని కారు ఆయనకెందుకు?

మెకానిక్ దశరథరామయ్య రెండు సెట్లు చూపించాడు.

"ఈ ఆన్‌లైన్ సెట్టు పెట్టాలంటే మీ కారుని కొంత కొయ్యాలండి. ఇదైతే తర్వాతొచ్చిన అంబాసిడర్‌ది, బోల్టుకి బోల్టు సరిపోద్ది. డిస్కులూ ప్యాడ్లూ కొత్తవే వేస్తా. బూస్టర్ కూడా కావాలి, లేకపోతే పెడల్ రాయిలా ఉంటది."

అడిగింది బ్రేకులైతే మధ్యలో ఈ బూస్టర్ ఎక్కణ్ణుంచి వచ్చింది? మూల పడున్న పాత ఇనుము వదిలించుకోవడానికి కాకపోతే ఇంత ప్రేమగా చెబుతాడా? కోటిలింగానికి అన్నీ అనుమానాలే. కానీ కారుని కోయించడానికి మనసొప్పక రెండోదానికే ఒప్పుకున్నాడు.

దశరథరామయ్య అన్నీ బిగించి, హైవే దాకా నడిపి చూసుకున్నాడు. బోల్టులు మరోసారి సరిచూడటానికి ముందు చక్రాలు విప్పాడు. ఇంతలో ఫోనొస్తే బయటికి వెళ్లాడు.

కోటిలింగం జేబులోంచి చిన్న సీసా తీశాడు. కొట్టుకి కొత్త తూకంరాళ్లు తెచ్చినా, డబ్బాలు తెచ్చినా ఆయన నువ్వులనూనె చుక్క వేసి రుద్దుతాడు. తుప్పు మీద రంగేసిన సరుకైతే బొటనవేలికి అంటుకుంటుంది. ఎడమ డిస్కుని శుభ్రంగా రుద్దాడు. ఏమీ అంటలేదు. కుడివైపు వెళ్లబోతుంటే దశరథరామయ్య వచ్చేశాడు. సీసా జేబులోకి పోయింది.

మర్నాడు పొద్దున్నే దంపతులు వేదాద్రి బయల్దేరారు. అదే పల్లంలో బ్రేకు నొక్కగానే కారు ఒక్క ఊపున కుడికి లాగేసింది. ఎదురుగా ముక్త్యాల సిమెంటు లారీ. లారీ డ్రైవరు రోడ్డు దించి తప్పించాడు కాబట్టి బతికిపోయారు.

"నే చెప్పలా! పాత ఇనుము అంటగట్టాడు వాడు!" కోటిలింగం కారుని నత్తనడకన నందిగామ చేర్చి షెడ్డు ముందే కేకలు మొదలెట్టాడు.

దశరథరామయ్య చక్రాలు విప్పాడు. ఎడమ డిస్కు జిడ్డుగా మెరుస్తోంది. వేలితో తీసి వాసన చూశాడు.

"ఇది బ్రేకాయిల్ కాదండి. ఈ జిడ్డుకి ఎడమ ప్యాడ్లు డిస్కుని పట్టుకోలేదు, అందుకే బండి కుడికి లాగేసింది."

సత్యనారాయణమ్మ కూడా డిస్కుని వేలితో తాకి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏళ్ల తరబడి ఇల్లంతా నిండిన వాసన అది. ఆవిడ చూపు మెల్లగా భర్త జేబు మీదికి వెళ్లింది.

"కొత్తదో కాదో చూద్దామని... ఒక్క చుక్కేనే," అన్నాడు కోటిలింగం. ఆయనకి తలెత్తాలంటే సిగ్గేసింది.

దశరథరామయ్య నిట్టూర్చాడు. "డిస్కు కడిగి ప్యాడ్లు మారుస్తా. ఈసారి పక్కనే ఉండి చూసుకోండి కోటిలింగంగారూ."

"ఆయనొద్దు బాబూ." సత్యనారాయణమ్మ స్టూలు లాక్కుని చక్రం పక్కనే కూర్చుంది. "నేనుంటా. నువ్వు బిగించేదాకా ఆయన్ని కారు దగ్గరికి రానివ్వను."