అద్దం కింద సంతకం

పొద్దున్నే లాయరమ్మ చేసే మొదటి పని టీ తాగడం కాదు, వచ్చినవాళ్ల చేత తాగించడం. ఉద్యోగం ఊడినవాళ్లు ఎండిపోయిన నోటితో ఏదీ సరిగ్గా చెప్పలేరని ఆవిడ నమ్మకం. ఆ రోజు సీసాలమ్మాయి చేతిలో కప్పూ సాసరూ గలగలలాడాయి.

ఆ అమ్మాయి మందుల ఫ్యాక్టరీలో సీసాల మూతలు సరిచూసేది. వెనక తలుపుకి తాళం ఎందుకేస్తున్నారని అడిగింది. సాయంత్రానికల్లా రాజీనామా కాగితం ముందుపెట్టి, సంతకం చేసేదాకా గదిలోంచి కదలనివ్వలేదు.

భయపడి పెట్టిన సంతకం కాగితం మీద ఉండదు, పెట్టిన చేతిని వెతుక్కుంటూ పోతుంది. అందుకే కంపెనీలు దాన్ని వెంటనే అద్దం కింద బిగించేస్తాయి.

"ఆర్నెల్లయిందండీ. ఇంకా బతికుంటుందా?"

"ఉంటుందిలే," అంది లాయరమ్మ. ఆవిడకీ భయమేసింది. కాకపోతే లాయరు కదా, చప్పుడు కానివ్వలేదు.

కోర్టులో కంపెనీ వకీలు ఆ అద్దాన్ని పెళ్లిఫోటోలా ఎత్తి చూపించాడు. "ఇష్టపూర్వకంగానే పెట్టిందయ్యా. చూడండి, ఎంత బుద్ధిగా కూర్చుందో."

"మరలు విప్పించండి," అంది లాయరమ్మ.

"విప్పితే పగులుతుందండీ."

"పగలదు. ఎడమవైపు మర ముందు తియ్యాలి." ఆవిడ వేలితో ఆ మరని చూపించింది. "ఈ బిగింపు కనిపెట్టింది నేనే. ఇటు రాకముందు ఎనిమిదేళ్లు కంపెనీల్లో ఇలాంటి కాగితాలే తయారుచేశాను."

సీసాలమ్మాయి తన కుర్చీ అంగుళం పక్కకి జరుపుకుంది.

జడ్జిగారు తలూపారు. మరలు ఊడాయి. సంతకం మాత్రం కదల్లేదు.

"చూశారా," అన్నాడు కంపెనీ వకీలు. "ఏమ్మా, ఇష్టపడే పెట్టావు కదా?"

గుమ్మం దగ్గర ఫ్యాక్టరీ మేనేజరు రెప్పవేయకుండా సీసాలమ్మాయినే చూస్తున్నాడు. ఆమె నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది.

"లేదండీ. చచ్చేంత భయమేసి పెట్టాను."

సంతకం తోక ఆడింది. కాళ్లు తిమ్మిరెక్కినట్టు కుంటుకుంటూ కాగితం దిగి, బల్ల దాటి, దారిలో కంపెనీ వకీలు మోచేతిని చుట్టి, ఆమె బొటనవేలి కిందకి దూరింది.

జడ్జిగారు కాగితం అటూ ఇటూ తిప్పారు. "సంతకం లేని రాజీనామా నాకెందుకు చూపిస్తున్నారు?"

సోమవారం నుంచి పనిలోకి రమ్మని ఉత్తర్వు. తిరిగి చేరుతున్నట్టు రాసిన కాగితాన్ని లాయరమ్మ వరండాలో ఆమె ముందుంచింది. సీసాలమ్మాయి మూడుసార్లు చదివి సంతకం పెట్టింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. సంతకం నువ్వుగింజంత జరిగి, ఆగింది.

"ఇంకా భయమేనా?"

"కొంచెమండీ. అందులో సగం మీరంటేనే."

లాయరమ్మ రెండు టీలు చెప్పింది, ఒకటి తనకి.